టేపు పడని రాయి

సముద్రం లేని ఊళ్ళో కూర్చుని పదిహేనేళ్ళు సముద్రపు అడుగును గీశాను. ఈ మాట చెబితే జనం ఇప్పటికీ నవ్వుతారు. మా అమ్మ అయితే మొదటి రోజే నవ్వింది. "బెంగుళూర్లో సముద్రం యాడుండాదే? మన హొసకోటె చెరువే ఎండిపోయి ఉండాది. నువ్వు ఎవురి సముద్రం గీస్తావు?" అని అడిగింది. ఉద్యోగం వచ్చిన సంబరంలో ఉన్నాను కనక అది ఎకసెక్కంగానే వినిపించింది. చాలా ఏళ్ళ తరువాత ఆ ప్రశ్న మళ్ళీ గుర్తొచ్చింది. అప్పుడు నవ్వు రాలేదు.

మాది హొసకోటె. తాతల కాలం నుంచీ అక్కడే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, తిట్టుకునేటప్పుడు రెండూ. డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసి కొన్నాళ్ళు ఇళ్ళ ప్లాన్లు గీశాను. తరువాత, తొంభైల మధ్యలో, ఈ ఆఫీసులో చేరాను. అది ఒక ఇంటి పై మేడ. కింద దర్జీ కొట్టు, పైన మేము ఆరుగురం. తూర్పు సముద్రంలో ఉన్న కొన్ని దీవుల చుట్టూ నీటి అడుగున ఎక్కడ పగడపు దిబ్బలున్నాయి, ఎక్కడ గడ్డి ఉంది, ఎక్కడ వట్టి ఇసుకే ఉంది అని పటాలు గీయడం మా పని. ఆ పటాలు ప్రభుత్వంలో సంరక్షణ చూసే వాళ్ళకు వెళ్ళేవి. ఏ భాగాన్ని మూసేయాలి, ఏ భాగంలో పడవలు తిరగనివ్వాలి అని వాళ్ళు ఆ పటం చూసి నిర్ణయిస్తారు.

పని ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసిన తప్పు అర్థం కాదు. ఉపగ్రహం పైనుంచి తీసిన బొమ్మ ఒకటి మా దగ్గర ఉండేది. అందులో నీళ్ళలో నల్లటి మచ్చలు కనిపిస్తాయి. ఆ మచ్చ పగడం కావచ్చు, గడ్డి కావచ్చు, మబ్బు నీడ కూడా కావచ్చు. పైనుంచి తేడా తెలియదు. అందుకని మునిగే వాళ్ళు సముద్రం అడుగుకు వెళ్ళి యాభై మీటర్ల టేపు పరుస్తారు. మీటరు మీటరుకూ టేపు కింద ఏముందో చూసి ప్లాస్టిక్ పలక మీద పెన్సిలుతో రాస్తారు. ఒడ్డుకు వచ్చాక దాన్ని కాగితం మీదికి ఎక్కించి, ఆ కాగితాలన్నీ ఒక రేకు పెట్టెలో పెట్టి బెంగుళూరుకు పంపుతారు. ఆ పెట్టె తెరిస్తే ఉప్పు వాసన వచ్చేది. నేను ఆ కాగితాలనూ ఉపగ్రహం బొమ్మనూ పక్కపక్కన పెట్టుకుని ఏ మచ్చ ఏమిటో తేల్చి, గీత గీసి, రంగు వేసేదాన్ని.

నాకు శుభ్రం పిచ్చి. నా గీత మీద ఈగ వాలినా కోపం. ఆఫీసులో నన్ను వెనకాల "గీతల అత్తగారు" అనేవాళ్ళు, ముందర అనే ధైర్యం ఎవరికీ లేదు. నాకో నియమం ఉండేది. టేపు పడని చోట రంగు పడకూడదు. మా సార్ మెత్తని మనిషి, ఆయనైనా అప్పుడప్పుడూ "పోనీలేమ్మా, అంచనాకి వేసెయ్" అనేవాడు. నేను వేసేదాన్ని కాదు. ఒక్క రంగు అంచనాకు వేస్తే పటంలో ప్రతి రంగునూ అనుమానించాలి కదా, అని వాదించేదాన్ని. ఆ వాదన తప్పని ఇప్పటికీ అనుకోను. అదే నా కష్టం.

తొంభైల చివర్లో ఒక చలికాలం, రేకు పెట్టెతో పాటు ఒక మనిషి కూడా వచ్చాడు. ఆ ఏడాది కాగితాలు తడిసిపోయి, ఏ కాగితం ఏ చోటుదో కలగాపులగం అయిపోయింది. మునిగే వాళ్ళను పడవలో తిప్పిన మనిషికి ఆ చోట్లన్నీ గుర్తున్నాయని, పదిహేను రోజులకు ఆయన్ని సార్ పిలిపించాడు. యాభై ఏళ్ళుంటాయి. వాళ్ళ నాయన కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఆ దీవులకు వలస వెళ్ళిన చేపల వాళ్ళు. రైలు దిగి నేరుగా వచ్చాడు. పంచె మీద ఎవరిదో స్వెట్టరు, మెడకు తువ్వాలు. మెట్లెక్కి వచ్చి గోడ మీద నా పటం చూసి మొట్టమొదట అన్న మాట ఇది.

"సముద్రం ఇంత సుబ్బరంగా ఉండదు తల్లీ."

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ తల్లీ అన్న పిలుపులో ఏదో ఉంది, మండినంత సేపు పట్టలేదు చల్లారడానికి. మా వైపు అలవాటు ప్రకారం నేను చిన్నాయనా అన్నాను. ఆయనకు అది కొత్త. "మా కాడ బాబు అంటాం. సిన్నాయనా అంటే కూడా బాగానే ఉన్నాదిలే" అన్నాడు.

ఆ పదిహేను రోజులూ ఆఫీసు వెనక గదిలోనే పడుకున్నాడు. రోజంతా నా పక్కన కుర్చీలో గొంతుక్కూర్చుని, నేను ఒక్కో కాగితం చదువుతుంటే కళ్ళు మూసుకుని వినేవాడు. "ఇరవయ్యో మీటరు కాడ పెద్ద తలకాయ పగడం, దాని పక్కన ఇసక, మళ్ళీ కొమ్ముల పగడం" అని చదివితే, "ఆ, అది ఉత్తరం మూల. ఆ పొద్దు పడవకి నీల్లొచ్చీసినాయి" అనేవాడు. ఒక్కటీ తప్పలేదు. నేను నిజంగా పరీక్ష పెట్టాను, తెలిసిన కాగితాన్నే తెలియనట్టు మధ్యలో దూర్చి చదివాను. "ఇది నిన్న సదివీసినావు తల్లీ" అన్నాడు కళ్ళు తెరవకుండానే. సిగ్గేసింది.

ఒక రోజు మా ఇంటికి భోజనానికి తీసుకెళ్ళాను, మా రాగి సంగటి ఆయన గొంతు దిగలేదు. ఒక మధ్యాహ్నం చేపల మార్కెట్టుకు తీసుకెళ్ళాను. ఐసులో పెట్టిన చేప మొప్పలు ఎత్తి చూసి, "ఇది పోయి ఐదు దినాలు, ఇది వారం, ఇది పోయినట్టు దీనికే తెలీదు" అని గట్టిగా చెప్పుకుంటూ పోయాడు. అమ్మేవాడికి తెలుగు వచ్చు. "ఏమప్పా, యాపారం చెయ్యనిస్తావా లేదా, సుమ్నే పోరాదా" అని సగం కన్నడంలో, ఊరికే పొమ్మని కసిరాడు. ఆ రోజు మేమిద్దరం చేప కొనకుండానే బస్సెక్కాం. అంత నవ్వుకున్న రోజు ఆ ఉద్యోగంలో నాకు ఇంకొకటి లేదు.

పన్నెండో రోజో పదమూడో రోజో, కాగితాలన్నీ అయిపోయాక, ఆయన లేచి గోడ మీది పటం దగ్గరికి వెళ్ళి వేలితో వెతుక్కుంటూ పోయాడు.

"మా రాయి ఏది?" అన్నాడు.

వాళ్ళు పగడపు దిబ్బను రాయి అంటారు. ఒడ్డు నుంచి కొంత దూరంలో, ఎవరికీ కనపడకుండా నీటి అడుగున ఉన్న దిబ్బ అట. వాళ్ళ నాయన మొదట కనుక్కున్నాడు. చుట్టూ ఇసుకే ఉంటే మధ్యలో అదొక్కటే నిలబడి ఉంటుందట, ఏ కాలంలో గాలం వేసినా చేప తగులుతుందట. "ఆడే మా అన్నం తల్లీ. మాదే కాదు, మా రేవులో పదిళ్ళోలది" అన్నాడు. చివరి రోజు మునిగే వాళ్ళను అక్కడికి తీసుకుపోతానని చెప్పాడట. ఇంజను మొరాయించింది, పర్మిటు రోజులు అయిపోయాయి, వచ్చే ఏడు చూద్దామని వాళ్ళు వెళ్ళిపోయారట.

"ఎక్కడుందో ఎలా తెలుస్తుంది, నీళ్ళలో గుర్తేముంటుంది?" అని అడిగాను. ఆయన నవ్వాడు. గుర్తు నీళ్ళలో కాదట, ఒడ్డు మీదట. "అటు సూస్తే లైటుహౌసు, కొండ ఎడం బుజం దిగి బయటికి రావాల. ఇటు సూస్తే బడి తెల్లగోడ పాత జెట్టీ కొసకి తగలాల. రెండూ ఒక్కపాలి కుదిరిన కాడ సీసం గుండు వదిలితే మా రాయే." గుండు అడుగున బట్టల సబ్బు ముద్ద అంటించి దించుతారట. ఇసుకైతే సబ్బుకు ఇసుక అంటుకుని వస్తుంది. రాయైతే సబ్బు మీద గాట్లు పడి వస్తాయి. మా నాయనా నేనూ ఆ సబ్బు ఎన్ని వందల సార్లు చూశామో, అన్నాడు.

ఆయన భోజనానికి దిగినప్పుడు నేను తలుపు దగ్గరగా వేసి, ఆ దీవుల సర్వే పటం తీశాను. లైటుహౌసు ఉంది, కొండ ఉంది, బడి ఉంది, పాత జెట్టీ ఉంది. లైటుహౌసు నుంచి కొండ భుజం మీదుగా ఒక పెన్సిలు గీత, బడి నుంచి జెట్టీ కొస మీదుగా ఒక పెన్సిలు గీత. రెండూ కలిసిన చోటును ఉపగ్రహం బొమ్మ మీదికి మార్చి చూశాను. సరిగ్గా అక్కడ ఒక నల్ల మచ్చ ఉంది. దాన్ని నేను అంతకుముందు మబ్బు నీడ అని వదిలేసి ఉన్నాను. దాని పక్కన మబ్బు లేదు. అది అప్పుడే గమనించాను.

సార్‌కు చూపించాను. ఆయన చాలా సంతోషించాడు. "డాష్ లైన్ వేసి పక్కన స్థానికులు చెప్పినది అని రాసెయ్ అమ్మా. అలా వేసేవాళ్ళున్నారు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. టేపు పడలేదు కదా సార్, అన్నాను. ఒక పడవ మనిషి మాటకు వేస్తే రేపు పది పడవల వాళ్ళు పది రాళ్ళు చెబుతారు, అన్నాను. ఇంకో కారణం కూడా ఉంది, అది సార్‌కు చెప్పలేదు. నా పటంలో అన్నీ నిండు గీతలే. మధ్యలో ఆ ఒక్క తెగిన గీత, దాని పక్కన రాత, చూడటానికి వికారంగా ఉంటుంది. సార్ ఎప్పటిలాగే "నీ ఇష్టం" అన్నాడు. పెన్సిలు గీతలు నేనే చెరిపాను.

సర్వే చేయని చోటుకు మాకు వేరే గుర్తు ఉండేది. మందమైన అడ్డగీతలు వేయాలి. అవి కూడా నాకు అందంగా అనిపించలేదు. సన్నని చుక్కలు పెట్టాను, ఎంత సన్నగా అంటే కళ్ళు దగ్గరగా పెట్టి చూస్తేనే తెలిసేంత. పటం కింద సూచికలో "చుక్కలు: సర్వే కాలేదు" అని రాశాను. నివేదిక కోసం గీసినది కనక ఆ పటం నలుపు తెలుపు, రంగులకు బదులు గుర్తులే. పగడానికి ముదురు గళ్ళు, గడ్డికి చిన్న గీతలు, ఇసుకకు ఏమీ లేదు, ఖాళీ. చుక్కలు పెట్టడం అయ్యాక దూరంగా నిలబడి చూసుకున్నాను. చాలా బాగుందనిపించింది.

వెళ్ళే రోజు పొద్దున ఆయన మూట కట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. "మా రాయి ఎక్కినాదా తల్లీ, కాయితం మీద?"

"ఎక్కింది చిన్నాయనా" అన్నాను.

అబద్ధం చెబుతున్నానని ఆ క్షణంలో అనిపించలేదు. ఆ చోటు పటంలో ఉంది, చుక్కలతో ఉంది, వచ్చే ఏడు టేపు పడుతుంది, అప్పుడు రంగు వేస్తాను. ఇదంతా ఆయనకు వివరించడం ఎందుకు, రైలుకు టైమవుతోంది కదా అనుకున్నాను. ఆయన ముఖం వెలిగింది. "ఐతే ఇంక ఎవులూ ముట్టుకోరు" అన్నాడు.

వచ్చే ఏడు సర్వే జరగలేదు. ఆ పై ఏడూ జరగలేదు. మా ఆఫీసుకు వేరే తీరాల పని వచ్చింది, నేను వేరే పెట్టెలు తెరిచాను. ఆ రాయి నాకు గుర్తులేదని అనను. గుర్తొచ్చినప్పుడల్లా చుక్కలున్నాయి కదా అని సర్దిచెప్పుకున్నాను.

కొన్నేళ్ళ తరువాత ఆ దీవుల సర్వే మళ్ళీ మొదలైంది. రేకు పెట్టె వచ్చింది. అదే ఉప్పు వాసన. ఈసారి కాగితాలు తడవలేదు, ప్రతి చోటుకూ అక్షాంశం, రేఖాంశం అంకెలతో సహా రాసి ఉంది. పై కాగితం మీది అంకెలు చూడగానే గుర్తుపట్టాను. నేను చెరిపేసిన పెన్సిలు గీతలు కలిసిన చోటు అది.

ఆ కాగితాన్ని మొదటి మీటరు నుంచి చదివాను. పగడపు ముక్కలు. పగడపు ముక్కలు. ఇసుక. ముక్కలు. బురద. ముక్కలు. ముక్కలు. పక్కన కుర్చీలో ఎవరైనా కళ్ళు మూసుకుని వింటే బాగుండుననిపించింది, అనిపించిన వెంటనే వద్దనిపించింది. సగం దాటాక ఒక చోట "పగడం, బొటనవేలంత, బతికి ఉంది" అని ఉంది. ఆ తరువాత మళ్ళీ చివరిదాకా ముక్కలే. కాగితం అంచున, ఈసారి అడుగుకు దిగి టేపు పరిచిన అమ్మాయి రాసిన మాట ఇంకొకటి ఉంది. "కొత్త జెట్టీకి పెద్ద పడవలు రావడానికి ఇక్కడ దారి తవ్వారు. ముక్కల లోతు చూస్తే చాలా పెద్ద దిబ్బ ఉండేదనిపిస్తోంది. పాత పటంలో ఎందుకు లేదు?"

నేను లేచి నీళ్ళు తాగి వచ్చాను. మళ్ళీ చదివాను. తరువాత ఆ దారి తవ్వడానికి అనుమతి ఇచ్చిన ఫైలులో మా పటం ఏ రూపంలో ఉందో చూడాలని సార్‌తో గొడవపడి కాపీ తెప్పించాను. రావడానికి నెల పట్టింది. మా పెద్ద పటాన్ని జిరాక్స్‌లో నాలుగో వంతుకు కుదించి ఫైలులో పెట్టారు. ముదురు గళ్ళు ఉన్నాయి. గడ్డి గీతలు ఉన్నాయి. నా చుక్కలు లేవు. అంత సన్నని చుక్కలను జిరాక్స్ యంత్రం పట్టదు. ఆ పని చేసేవాళ్ళకు ఇది మొదటి పాఠం, నేనే ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్ళకు నేర్పి ఉన్నాను. కాగితాన్ని కిటికీకి అడ్డంగా పెట్టి వెలుతురులో చూశాను. ఖాళీగా ఉంది. ఖాళీ అంటే మా సూచిక ప్రకారం ఇసుక. దారి ఎటు తవ్వాలని చూసిన వాళ్ళకు పగడాల మధ్య చక్కని ఇసుక దారి కనిపించింది, దాన్ని వాళ్ళు ఎంచుకున్నారు. ఆ పటం చూస్తే నేనైనా అదే ఎంచుకుంటాను.

సార్ నన్ను ఓదార్చాలని చూశాడు. "నువ్వు చుక్కలు పెట్టినావు కదమ్మా, వాళ్ళు జిరాక్స్‌లో పోగొట్టినారు. మన తప్పేముంది?" అన్నాడు. నేను ఆయన మీద అరిచాను. అంత మంచి మనిషి మీద అరవడం అదే మొదటిసారి, అదే చివరిసారి. తరువాత బల్ల దగ్గరికి వెళ్ళి ఆ చోటుకు రంగు వేశాను. ఇప్పుడు టేపు పడింది కదా, నా నియమం ఒప్పుకుంటుంది. ముక్కలూ ఇసుకా కలిసిన చోటని, దాదాపు ఖాళీగా. నా మొదటి పటాన్ని నిజం చెయ్యడానికి సముద్రాన్నే దిద్దినట్టయింది.

ఇంట్లో ఎవరితోనైనా చెప్పుకోవాలని అమ్మకు చెప్పాను. ఆమెకు చుక్కలూ జిరాక్సూ అర్థం కాలేదు. ఒక్కటే అడిగింది. "ఆ పొద్దు మనింటికి తీసుకొచ్చినావే, చారు బాగుండాదని రెండు మార్లు పోసుకున్నాడే, ఆయప్పదా ఆ రాయి?" అవునన్నాను. అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇంకో రెండు మూడేళ్ళు గడిచాయి. కింద దర్జీ కొట్టు పోయి సెల్ ఫోన్ల షాపు వచ్చింది. ఒక మధ్యాహ్నం మెట్ల మీద నెమ్మదిగా అడుగుల చప్పుడయింది. తలుపు దగ్గర నీలం చొక్కా, భుజం మీద బ్యాడ్జీ, సెక్యూరిటీ వాళ్ళ యూనిఫాం. కొరియర్ అనుకుని చెయ్యి చాపాను.

"ఓలమ్మ, జుట్టు నెరిసిపోనాదే తల్లీ!" అన్నాడు.

ఆయనే. సన్నబడ్డాడు. చేతి మీద మడత వేసుకున్న స్వెట్టరు మాత్రం ఈసారి తనదే. కొడుకు ఇక్కడే, ఊరి శివార్లలో, హెబ్బగోడిలో ఫ్యాక్టరీలో చేరాడట, అక్కడ ఒక గది. తను హూడిలో ఏదో అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కాపలా. భార్య కూతురి దగ్గర దీవిలోనే ఉండిపోయిందట. "ఏటి సెయ్యను? ఆడ చేప నేదు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వొచ్చినోలకీ పోయినోలకీ మేడమ్, సార్, మేడమ్, సార్ అనడమే. నాలిక మడత పడిపోయినాది" అని నవ్వాడు. సగం రోజు సెలవు దొరికితే డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడట. "ఈ ఊర్లో నాకు తెలిసినది నువ్వొక్కదానివే గదా, సూసిపోదారని వొచ్చినాను" అంటూ పేపరులో చుట్టిన ఎండు నెత్తళ్ళ చేపల పొట్లం నా బల్ల మీద పెట్టాడు.

కాఫీ తెప్పించాను. ఏం మాట్లాడాలో తెలియక మార్కెట్టులో చేపల వాడి సంగతి ఎత్తాను. కాసేపు నవ్వుకున్నాం. తరువాత ఆయనే అన్నాడు.

"మా రాయి తవ్వీసినారు తల్లీ."

"తెలుసు చిన్నాయనా."

"నువ్వేటి సేస్తావు. నువ్వు గీసినావు, ఆలు సూడ్లేదు. పెద్దోలు కాయితాలు సూత్తారా? మా వోలందరికీ నాను అదే సెప్పినాను. బెంగుళూరు అమ్మాయి గీసినాది, కాయితం మీద మా రాయి ఉన్నాది, ఆలే కళ్ళు మూసుకున్నారు అనీసి." కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "ఒక్కపాలి సూపించు. సముద్రంలో నేదు, కాయితం మీదైనా సూసుకుంటాను."

నన్ను ఓదార్చడానికి వచ్చిన మనిషికి నేను ఏం చూపించను? పాత పటం పోయిందని చెప్పొచ్చు. ఏదో ఒక ముదురు గళ్ళ మచ్చ చూపించి ఇదే అని కూడా చెప్పొచ్చు, ఆయనకు చదవడం రాదు. రెండూ నా నోటి దాకా వచ్చాయి. సొరుగు తెరిచి అసలు పటం తీసి బల్ల మీద పరిచాను. చోటు చూపించాను. ఆయన వంగి చూశాడు, కళ్ళు ఆనలేదు. భూతద్దం ఇచ్చాను.

"ఇయ్యేటి, దుమ్మా?" అని చొక్కా అంచుతో తుడవబోయాడు.

"దుమ్ము కాదు. చుక్కలు. నేను పెట్టినవి."

"చుక్కలంటే రాయా?"

"కాదు చిన్నాయనా. చుక్కలంటే అక్కడ ఎవరూ చూడలేదని."

ఆయన భూతద్దం పక్కన పెట్టి నా వైపు చూశాడు. "నాను సూసినాను గదా" అన్నాడు. కొంచెం ఆగి, "మా అయ్య సూసినాడు" అన్నాడు.

అప్పుడు మొత్తం చెప్పేశాను. టేపు పడని చోట రంగు వేయకూడదని పెట్టుకున్న నియమం, తెగిన గీత వేయమని సార్ చెప్పడం, అది వికారంగా ఉంటుందని నేను వద్దనడం, జిరాక్స్‌లో చుక్కలు పోవడం, ఖాళీ చూసి అక్కడే తవ్వడం, అన్నీ. ఆయన అప్పట్లో నేను కాగితాలు చదివేటప్పుడు విన్నట్టే కళ్ళు మూసుకుని విన్నాడు. అయ్యాక ఒక్కటే అడిగాడు.

"నువ్వు నన్ను నమ్మనేదా?"

నమ్మలేదని చెబితే సులువుగా ఉండేది. "నమ్మాను. నువ్వు చెప్పిన గుర్తులు పెట్టి గీతలు గీసి చూశాను. సరిగ్గా కుదిరింది" అన్నాను.

"మరేటి?" అన్నాడు.

సొరుగులోంచి పెన్సిలు తీసి, ఆయన చెయ్యి పట్టుకుని, చూపుడు వేలు ఆ చుక్కల మీద పెట్టించాను. పెట్టాక ఆయనే వేలిని కొంచెం జరిపాడు. "ఇంకాస్త తూరుపు" అన్నాడు. ఆ వేలి చుట్టూ గీత గీశాను. వేలి వంపుల వెంట పోయి గీత వంకరపోయింది. నా బల్ల మీద అంత వంకర గీత ఎప్పుడూ పడలేదు. ఆయన వేలు తీసి, గీత లోపలి చోటును కాసేపు చూశాడు.

"ఇప్పుడు దీన్ని ఎవులికి పంపుతావు?" అన్నాడు.

నేను పెన్సిలు సొరుగులో పెట్టేశాను. ఆయన లేచి స్వెట్టరు సర్దుకున్నాడు. పరవాలేదు అంటాడేమోనని ఎదురుచూశాను, సిగ్గు లేకుండా ఎదురుచూశాను. అనలేదు. తలుపు దగ్గర ఆగి, గేటు దగ్గర రోజంతా అలవాటైన గొంతుతో, "వస్తాను మేడమ్" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.